నల్లగండ్ల వైపు పిల్లల టెన్నిస్ కోచింగ్: గోడ మీద సానియా, కోర్టులో సానియా

అపార్ట్‌మెంట్ గ్రూపులో రోజుకొకళ్ళు అడుగుతున్నారు, మీ పాప వెళ్ళే టెన్నిస్ అకాడమీ ఎలా ఉంది, వెయ్యొచ్చా, ఫీజు ఎంత అని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా. పేరు మాత్రం రాయను. బాగుందని రాస్తే ఎంత ఇచ్చారు అంటారు, బాలేదని రాస్తే వాళ్ళ మేనేజర్ ఫోన్ చేసి డిలీట్ చెయ్యమంటాడు, రెండూ నాకొద్దు. నల్లగండ్ల నుంచి తెల్లాపూర్ వెళ్ళే వైపు ఉంటుంది, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఈపాటికే అర్థమయ్యుంటుంది.

పొట్టిగా చెప్పాలంటే వారం మధ్యలో జరిగే సాయంత్రం బ్యాచ్ సోసో. ఆదివారం పొద్దున డబుల్స్ బ్యాచ్ మాత్రం సూపర్, దానికోసమే మేం ఇంకా కంటిన్యూ అవుతున్నాం. అదెందుకు బాగుందో చెప్పాలంటే మధ్యలో సానియా మీర్జా గురించి కూడా చెప్పాల్సొస్తుంది, ఎందుకంటే అక్కడి హెడ్ కోచ్ సార్ కి సిలబస్ అంటే ఆవిడ కెరీరే, కాబట్టి టెన్నిస్ ఇంట్రెస్ట్ లేనివాళ్ళు కిందకి స్క్రోల్ చేసుకుని ఫీజులు చూసుకోండి.

లోపలికి వెళ్ళగానే రిసెప్షన్ ఎదురుగా పేద్ద గోడ, దాని నిండా సానియా. హైదరాబాద్ లో సానియా ఫోటో లేని టెన్నిస్ అకాడమీ ఉండదు లెండి, ఇక్కడ ఫోటోతో ఆగకుండా సంవత్సరాలు కూడా వేసి పెయింటింగ్ చేయించారు. 2003 లో వింబుల్డన్ గర్ల్స్ డబుల్స్ (అంటే జూనియర్లది) టైటిల్, 2005 లో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్ లో సెరెనా విలియమ్స్ తో మ్యాచ్, అదే ఫిబ్రవరిలో మన ఎల్బీ స్టేడియంలో హైదరాబాద్ ఓపెన్ టైటిల్, ఇండియా అమ్మాయి డబ్ల్యూటీఏ (ఆడవాళ్ళ ప్రొఫెషనల్ టెన్నిస్) సింగిల్స్ టైటిల్ కొట్టడం అదే ఫస్ట్ టైమ్. తర్వాత దుబాయ్ లో అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ కుజ్నెత్సోవాని కొట్టింది, సెప్టెంబర్ లో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్ దాకా వెళ్ళి షరపోవా చేతిలో ఓడింది. చివర్లో 2007, సింగిల్స్ ర్యాంక్ 27. అంతే, గోడ అక్కడితో అయిపోయింది. ఆ పక్కన ఏసీ పెట్టేశారు.

నాకు ఆ రోజులు బాగా గుర్తు, కాలేజీలో ఉన్నా, మా క్లాసులో సగం మందికి ముక్కు రింగు వచ్చేసింది, టెన్నిస్ స్కోరు ఎలా లెక్కపెడతారో తెలియని మా నాన్నమ్మ కూడా టీవీ ముందు కూర్చుని "మనమ్మాయి గెలుస్తోందా" అని అడిగేది. కాబట్టి ఆ గోడ చూస్తే నాకూ గూస్ బంప్సే. కాకపోతే ఆవిడ గెలిచిన 6 గ్రాండ్‌స్లాముల్లో (టెన్నిస్ లో అన్నిటికంటే పెద్ద నాలుగు టోర్నమెంట్లని అలా అంటారు) ఒక్కటి కూడా ఆ గోడ మీద లేదు! మొదటిదే 2009 లో వచ్చింది కదా, మహేష్ భూపతితో జంటగా ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్. డబుల్స్ లో ప్రపంచ నంబర్ వన్ అయ్యింది 2015 ఏప్రిల్ లో. గోడ వేసినాయనకి ఇవేవీ లెక్కలోకి రాలేదన్నమాట.

ఈ మాట హెడ్ కోచ్ సార్ తో అంటే ఆయన నవ్వి "గోడ మార్కెటింగోళ్ళది మేడం, కోర్టు నాది" అన్నారు. సారుది సికింద్రాబాద్, యాభై దాటి ఉంటాయి, సగం తెలుగు సగం హిందీలో మాట్లాడతారు, పిల్లల్ని "ఏం రా బేటా" అంటారు ఆడపిల్లలైనా సరే. 2005 హైదరాబాద్ ఓపెన్ ఫైనల్ కి ఆయన స్టాండ్స్ లో ఉన్నారట. అలోనా బొందరెంకో తో మ్యాచ్, 6-4, 5-7, 6-3. రెండో సెట్ పోయినప్పుడు తన పక్కనాయన లేచి వెళ్ళిపోయాడని ఇప్పటికీ తిడతారు ఆయన్ని.

సరే ముందు సాయంత్రం బ్యాచ్ సంగతి. వారానికి మూడు రోజులు, గంట. ఒక కోర్టుకి ఎనిమిది మంది పిల్లలు, సెలవుల్లో పది మంది కూడా అవుతారు. హెడ్ కోచ్ ఉండరు, ఇద్దరు కుర్ర కోచ్ లు ఉంటారు, పాపం వాళ్ళు మంచోళ్ళే గానీ ఒకడు బుట్టలోంచి బంతి వేస్తుంటాడు, పిల్లలు లైన్ లో నిలబడి ఒకరి తర్వాత ఒకరు కొడుతుంటారు, మళ్ళీ తన వంతు వచ్చేదాకా ముందు పిల్ల జడ లాగడం. గంటలో గట్టిగా కొట్టే టైమ్ పది నిమిషాలుంటే ఎక్కువ. అది కూడా అన్నీ ఫోర్‌హ్యాండ్లే. బ్యాక్‌హ్యాండ్ చివర్లో కాస్త, సర్వీస్ అయితే "నెక్స్ట్ లెవెల్ లో" అంటారు. బయట కుర్చీల్లో కూర్చున్న పేరెంట్స్ కి కూడా అదే కావాలి, పిల్ల ఒక్క ఫోర్‌హ్యాండ్ టపామని కొడితే వీడియో తీసి స్టేటస్ పెట్టేస్తారు. మా పక్కన కూర్చునే ఒకాయన మొదటి వారంలోనే ఐటా (ఆలిండియా టెన్నిస్ అసోసియేషన్) అండర్-12 టోర్నమెంట్లు ఎప్పటినుంచి ఆడొచ్చు అని అడిగారు, వాళ్ళబ్బాయి ఇంకా రెడ్ బాల్ తో ఆడుతున్నాడు.

తెలియనివాళ్ళ కోసం, చిన్న పిల్లలకి మామూలు పచ్చ బంతి ఇవ్వకూడదు. ముందు రెడ్, తర్వాత ఆరెంజ్, తర్వాత గ్రీన్ చుక్క బంతి, మామూలు బంతి కంటే వరసగా 75, 50, 25 శాతం నెమ్మదిగా వెళ్తాయి. కోర్టు కూడా రెడ్ కి 36 అడుగుల పొడవు, ఆరెంజ్ కి 60, గ్రీన్ నుంచి ఫుల్ 78. ఇక్కడ ఇది కరెక్ట్ గా ఫాలో అవుతారు, ఆ విషయంలో ఫుల్ మార్కులు, ఇంకో చోట ట్రయల్ కి వెళ్తే ఆరేళ్ళ పిల్లలకి పాత మామూలు బంతులు ఇచ్చి ఆడిస్తున్నారు, బంతి పిల్లల నెత్తి మీదనుంచి పోతోంది.

కానీ ఆఫీసులో కుర్రాడితో జాగ్రత్త. రాకెట్ వాళ్ళ దగ్గరే కొనమంటాడు. మా పాపకి తొమ్మిదేళ్ళు, 25 అంగుళాలది సరిపోతుంది, వాడు "పెరిగే పిల్ల కదా మేడం" అని 27 అంటగట్టబోయాడు. చెప్పులు కొన్నట్టు ఒక సైజు పెద్దది కొంటే నడవదు ఇక్కడ, బరువుకి మణికట్టు పోతుంది. గట్టిగా అడిగితే 25 ఇచ్చాడు గానీ అందులో పాలియెస్టర్ తీగలు, అదీ బిగించి వేసి ఇచ్చాడు, "ప్రొఫెషనల్స్ అందరూ ఇదే మేడం" అని. పాప వారం తిరక్కుండా చెయ్యి నొప్పి అంది. హోమ్‌వర్క్ ఎగ్గొట్టడానికేమో అనుకున్నాం.

ఆదివారం హెడ్ కోచ్ సార్ ఆ రాకెట్ అందుకుని అరచేత్తో తీగల మీద ఒక్కసారి నొక్కారు, అంతే మొహం మారిపోయింది. "ఇది వేసినోడెవడు" అని అరిచి, జేబులోంచి కట్టర్ తీసి మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి టక్ టక్ మని కత్తిరించేశారు, పాపైతే ఏడుపు మొహం పెట్టింది కొత్త రాకెట్ అని. ఒక పక్కనుంచి కోస్తే ఫ్రేమ్ వంకర పోతుందంట, అందుకే మధ్యలోంచి. తర్వాత మెత్తటి సింథటిక్ గట్ కాస్త వదులుగా వేయించి ఇచ్చారు, దానికి మళ్ళీ డబ్బులు తీసుకోలేదు. అప్పుడే మొదటిసారి సానియా పాఠం విన్నాం.

"బేటా, సానియా అక్క ఫోర్‌హ్యాండ్ అంత జోరుగా ఎట్ల పోతది తెలుసా? మణికట్టు కొరడా లెక్క తిరుగుతది. అంత తిరిగే మణికట్టు ఒక రోజు చాలు అన్నది." 2008 సంగతి. బీజింగ్ ఒలింపిక్స్ సింగిల్స్ లో మొదటి రౌండే మ్యాచ్ మధ్యలో వదిలేసి బయటికి రావాల్సొచ్చింది, మణికట్టుకి సర్జరీ, జుట్టు దువ్వుకోవడం కూడా కష్టమయ్యేదని ఆవిడే ఇంటర్వ్యూల్లో చెప్పింది. మోకాళ్ళ సర్జరీలు వేరే. చివరికి 2013 లో సింగిల్స్ పూర్తిగా ఆపేసింది. తొమ్మిదేళ్ళ పిల్లకి నొప్పి అంటే ఆగు అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది చెప్పండి. ఆ రోజు నుంచి చెయ్యి నొప్పి అంటే పాప తనే చెప్తుంది, మనం పోరాల్సిన పని లేదు.

ఇక ఆదివారం బ్యాచ్. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదింటి దాకా, పన్నెండు మందికి మించి తీసుకోరు, మూడు కోర్టులు, హెడ్ కోచ్ సార్ స్వయంగా ఉంటారు. ఇక్కడ లైన్ లో నిలబడటాలు ఉండవు. నలుగురు నలుగురు చొప్పున డబుల్స్. మొదట్లో నాకూ డౌటే, ఇంత చిన్నప్పుడే డబుల్స్ ఏంటి, ముందు సింగిల్స్ రావాలి కదా అని. మా ఆయనైతే "సింగిల్స్ రానోళ్ళు ఆడేది డబుల్స్" అని తేల్చేశారు. మనవాళ్ళలో చాలా మందికి ఇదే అభిప్రాయం, సానియా గురించి మాట్లాడినా "పాపం దెబ్బ తగిలి డబుల్స్ కి దిగిపోయింది" అంటారు.

దిగిపోవడం ఏంటండీ అసలు. ఆ సింగిల్స్ 27 ర్యాంకే ఇప్పటిదాకా ఇంకో ఇండియన్ అమ్మాయికి అందలేదు. డబుల్స్ లో అయితే 91 వారాలు నంబర్ వన్, 43 డబ్ల్యూటీఏ టైటిళ్ళు, మూడు విమెన్స్ డబుల్స్ గ్రాండ్‌స్లాములు, మూడు మిక్స్‌డ్. ఇన్ని గెలిచినావిడని పట్టుకుని పాపం అంటే నాకు ఒళ్ళు మండుతుంది. బంతి కొట్టడం ఒక్కటే ఆటైతే సరే, ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు ముందుకెళ్ళాలి, పక్కనున్నవాళ్ళు ఏం చేస్తారో ముందే ఎలా పసిగట్టాలి, ఇదంతా ఆట కాదా మరి.

సార్ దీన్ని పిల్లలకి చెప్పే పద్ధతి చూడాలి. చాక్‌పీస్ తో కోర్టు మీదే గీస్తారు. సింగిల్స్ లో 27 అడుగుల వెడల్పు, డబుల్స్ కి పక్క గల్లీలు కలిపి 36. "ఒక్కదానివి ఉంటే 27 కాపాడాలె, ఇద్దరుంటే 36. పంచుకోండ్రి." తర్వాత ఒక పిల్లని వెనక నిలబెట్టి "నువ్వు సానియా", ఇంకో పిల్లని నెట్ దగ్గర పెట్టి "నువ్వు హింగిస్" అంటారు, అంటే డబుల్స్ లో సానియా జోడీ. వెనక పిల్ల ఫోర్‌హ్యాండ్ గట్టిగా అవతలివాళ్ళ కాళ్ళ దగ్గరికి కొట్టాలి, వాళ్ళు ఎలాగోలా లేపి పంపిస్తారు, ఆ లేచిన బంతిని నెట్ దగ్గర పిల్ల అడ్డం వచ్చి ఠక్కున కొట్టేయాలి. సానియా, మార్టినా హింగిస్ జంట గెలిచింది సగం ఈ లెక్కతోనే అంటారు సార్. ఒకరికి జోరు, ఇంకొకరికి చేతిలో నేర్పు. 2015 లో కలిసి ఆడిన మొదటి మూడు టోర్నమెంట్లూ కొట్టేశారు, ఇండియన్ వెల్స్, మయామి, చార్లెస్టన్, చార్లెస్టన్ అయ్యాకే సానియాకి నంబర్ వన్ వచ్చింది. తర్వాత వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016 లో ఆస్ట్రేలియన్ ఓపెన్ వరసగా మూడు, ఆ యూఎస్ ఓపెన్ నుంచి మొదలుపెట్టి ఓటమన్నదే లేకుండా వరసగా 41 మ్యాచులు.

మా పాపకి నెట్ దగ్గర భయం, బంతి మొహం మీదకొస్తుందని కళ్ళు మూసేసుకునేది. "నువ్వు హింగిస్" అనేసరికి ఆ హింగిస్ ఎవరో యూట్యూబ్ లో చూపించమని కూర్చుంది, అప్పటినుంచి రాకెట్ మొహం ముందు పట్టుకుని, మోకాళ్ళు వంచి, కాళ్ళు ఆడిస్తూ ఎదురు చూస్తుంది. కళ్ళు మూయడం ఇంకా పూర్తిగా పోలేదు, సగం మూస్తుంది.

అన్నిటికంటే నాకు నచ్చింది చివరి ఇరవై నిమిషాలు. దాన్ని అక్కడ "రెండు-అయిదు" అంటారు. రెండు జంటలకీ మ్యాచ్ పెడతారు కానీ స్కోరు సున్నా నుంచి మొదలవ్వదు, ఒక జంటకి 2, ఇంకో జంటకి 5, మూడో సెట్ అన్నట్టు. ఇది 2015 వింబుల్డన్ ఫైనల్ లోంచి తీసుకున్నది. సానియా హింగిస్ మొదటి సెట్ 5-7 పోగొట్టుకుని, రెండోది టై బ్రేక్ లో లాక్కుని, మూడో సెట్ లో అవతలి జంట మకరోవా, వెస్నినాల మీద 2-5 వెనకబడ్డారు. ఇంకొక్క గేమ్ పోతే కప్పు పోయినట్టే. అక్కడినుంచి 5-5 చేశారు, చీకటి పడుతోందని ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూసి లైట్లు వేశారు, తర్వాత వచ్చి 7-5. వరసగా అయిదు గేములు! ఇంకో తమాషా ఏంటంటే ఆ వెస్నినాతో జంటగానే సానియా 2011 లో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ఆడి ఓడిపోయింది.

పిల్లలకి ఈ కథంతా వచ్చు, రెండు దగ్గరున్న జంట అవ్వడానికి కొట్టుకుంటారు. అయిదు దగ్గరున్నవాళ్ళకే టెన్షన్. నేను అక్కడ చూసినంతలో ముందున్న జంట చాలాసార్లు డబుల్ ఫాల్టులు (రెండు సర్వీసులూ తప్పడం) చేసి పాడు చేసుకుంటుంది, అప్పుడు సార్ వాళ్ళని పిలిచి సర్వీస్ గురించి చెప్తారు. ఇక్కడ ఆయన సానియాని వెనకేసుకు రారు, "అక్కకి సెకండ్ సర్వ్ ఎప్పుడూ కొంచెం కమ్జోరే, సింగిల్స్ ల పెద్ద ప్లేయర్లు దాన్నే పట్టుకుని కొట్టిన్రు, అందుకే మీరు ఇప్పటినుంచే వెయ్యండ్రి" అని ఒక్కొక్కరితో బుట్ట ఖాళీ అయ్యేదాకా వేయిస్తారు. ఫ్యాన్ అయ్యుండి కూడా ఇలా చెప్పేవాళ్ళంటే నాకు గౌరవం.

పేరెంట్స్ కి కూడా ఒకసారి క్లాసు పీకారు, ఆ ఐటా అడిగినాయన మళ్ళీ అడిగితే. "సానియా పేడతో అలికిన కోర్టుల మీద మొదలుపెట్టింది సార్, ఆరేళ్ళకి. వాళ్ళ నాయన పక్కనే ఉండి నేర్పిండు. మీరు రాకెట్ కొనిచ్చి కార్ల కూర్చుని ఫోన్ చూస్తున్నరు." ఆయన మొహం చూడాలి. పేడ కోర్టుల సంగతి నిజమే, సానియానే చాలాసార్లు చెప్పింది. ఇప్పుడైతే మొయినాబాద్ దారిలో ముర్తూజాగూడలో ఆవిడదే అకాడమీ ఉంది, 2013 లో పెట్టారు, మాకు అక్కడికి రోజూ దింపి తేవడం కుదరదు కాబట్టి ట్రై చెయ్యలేదు.

ఇప్పుడు తిట్లు. ఫీజు సాయంత్రం బ్యాచ్ కి నెలకి ఆరున్నర వేలు, ఆదివారం బ్యాచ్ విడిగా రెండున్నర వేలు. సాయంత్రం బ్యాచ్ లో లేనివాళ్ళని ఆదివారం తీసుకోం అంటారు ముందు, అది అబద్ధం, ఖాళీ ఉంటే తీసుకుంటారు, గట్టిగా అడగాలి. వాన పడితే క్లాసు పోయినట్టే, బదులు క్లాసు ఇస్తామని అగ్రిమెంట్ లో రాసుంది గానీ యాప్ లో బుక్ చేద్దామంటే ఎప్పుడూ స్లాట్స్ ఫుల్ అని చూపిస్తుంది. జులై ఆగస్టుల్లో మన హైదరాబాద్ వానల సంగతి తెలుసు కదా, అయిదింటికి కరెక్ట్ గా మొదలవుతుంది, నీళ్ళు తోయడానికి ఒకటే వైపర్, తోసేసరికి టైమ్ అయిపోతుంది. బంతులు చాలా వరకు చచ్చిపోయినవి, కింద పడితే లేవవు. లేడీస్ బాత్రూమ్ కి గడియ లేదు, చెప్పి చెప్పి విసుగొచ్చి ఒకావిడ ఇంట్లోంచి తాడు తెచ్చి కట్టింది. పార్కింగ్ లేదు, రోడ్డు పక్కనే, ట్రాఫిక్ పోలీసు వస్తే అందరం పరిగెత్తాలి. ఏడాది ఫీజు ఒకేసారి కడితే ఇరవై శాతం డిస్కౌంట్ అంటారు, వద్దు. మధ్యలో ఊరు మారిపోయిన మా కింది ఫ్లాట్ వాళ్ళకి ఇంకా రీఫండ్ రాలేదు, "ప్రాసెస్ లో ఉంది" అంటూనే ఉన్నారు.

ఇంకొకటి, పెద్దవాళ్ళకి కూడా బ్యాచ్ ఉంది, ఉదయం అయిదున్నరకి. నలభై దాటినవాళ్ళు, పిల్లలు పుట్టాక ఆటలు మానేసిన ఆడవాళ్ళు బాగానే వస్తున్నారు. సానియా 2018 లో బాబు పుట్టాక బరువు తగ్గి 2020 జనవరిలో తిరిగొచ్చిన మొదటి టోర్నమెంటే, హోబార్ట్, గెలిచిందని సార్ చెప్తే అందరూ చప్పట్లు కొట్టారంట, మర్నాడు సగం మంది రాలేదంట. నేనైతే చేరలేదు, అయిదున్నర నావల్ల కాదు.

మొన్న మా పాప రిసెప్షన్ కుర్రాడిని నిలదీసింది, గోడ మీద హింగిస్ ఎందుకు లేదు అని. వాడు "ఎవరు?" అన్నాడు. సార్ మేనేజర్ తో మాట్లాడారు, ఏసీ పక్కన కాస్త ఖాళీ ఉంది కాబట్టి 2015 వింబుల్డన్, 2023 మార్చిలో ఎల్బీ స్టేడియంలో జరిగిన వీడ్కోలు మ్యాచ్ రెండూ వేయిస్తాం అన్నారట, మొదటి టైటిల్ గెలిచిన చోటే ఆఖరి ఆట కూడా ఆడింది కదా. వేసినప్పుడు చూద్దాం, బదులు క్లాసులు కూడా ఇస్తాం అనే అన్నారు.

డెమో క్లాసుకి వెళ్ళాలనుకునేవాళ్ళు ఆదివారమే అడగండి, ఆఫీసులో శనివారం సాయంత్రం రమ్మంటారు, ఆ రోజు హెడ్ కోచ్ ఉండరు. రాకెట్ మీరే తీసుకెళ్ళండి లేదా అక్కడ అడిగి తీసుకోండి, ఊరికే ఇస్తారు, కొనొద్దు. నీళ్ళ బాటిల్, టోపీ కంపల్సరీ, ఏడున్నర దాటితే ఎండ మొహానికే కొడుతుంది. మామూలు రన్నింగ్ బూట్లు వేయకండి, పక్కకి కదిలినప్పుడు చీలమండ బెణుకుతుంది, టెన్నిస్ బూట్లే కావాలి. ఫీజు మూడు నెలలకి మించి కట్టకండి, రసీదు అడిగి తీసుకోండి, ఇంకేమైనా డౌట్స్ ఉంటే కింద అడగండి, పేరు తప్ప అన్నీ చెప్తా.